తీపినూతి వారి తూర్పమ్మ

కాశీ వెళ్ళొచ్చినవాళ్ళు గంగ చెంబులు పంచుతారు. నేను ఉద్దానం వెళ్ళొచ్చి జీడిపప్పు పంచాను. పుచ్చుకున్నవాళ్ళంతా నములుతూ అడిగింది ఒకటే: "అక్కడేముందని వెళ్ళారండీ?" అక్కడ మా ఇంటిపేరుంది. ఆ మాట అంటే నవ్వుతున్నారు. ఇంటిపేరు ఇంట్లోనే ఉంటుంది గాని రైలెక్కి వెతుక్కోవడమేమిటని వాళ్ళ సందేహం. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

మా ఇంటిపేరు తీపినూతి. బొబ్బిలిలో మేమొక్కళ్ళమే. నేను మున్సిఫు కోర్టులో గుమాస్తాను. పిలుపులో ఎన్ని ఇంటిపేర్లు విన్నానో లెక్కలేదు గాని, బంట్రోతు నోట "తీపినూతి" అని ఒక్కనాడూ వినలేదు. మా వంశంలో దావాలాడేవాళ్ళు లేరని గర్వపడేవాణ్ణి. అసలు మనుషులే లేరన్న సంగతి తట్టలేదు.

తట్టించింది మా అమ్మాయి కమల. టీచరు ట్రైనింగులో చేరిన మొదటిరోజు హాజరు పిలుస్తుంటే, తీపినూతి కమల తర్వాత తీపినూతి కూర్మారావు అని వినబడిందట. క్లాసంతా వెనక్కి తిరిగి చూసింది. ఆ అబ్బాయిది ఉద్దానం, సముద్రం ఒడ్డున ఊరు. మీరిద్దరూ అన్నాచెల్లెళ్ళా అని ఎవరో అడిగితే ఇద్దరూ ఒక్కసారే కాదన్నారట. ఆ "కాదు" దగ్గరే కథ మొదలైందని నా అనుమానం. ట్రైనింగు పూర్తవగానే ఆ అబ్బాయి బొబ్బిలి వచ్చాడు. మా అరుగు మీద కూర్చుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, కమలను పెళ్ళి చేసుకుంటానని నన్నే అడిగాడు. కుర్రాడు నాకు నచ్చాడు. కులమూ మాదే. ఇంటిపేరు చెప్పగానే లోపలినుంచి వింటున్న మా అమ్మ గుమ్మంలోకి వచ్చేసింది.

"అన్నకి సెల్లినిస్తావేట్రా?" అంది.

మా వాళ్ళలో గోత్రం కంటే ఇంటిపేరు గట్టిది. గోత్రం పంతులుగారు అడిగినప్పుడు గుర్తు చేసుకుంటాం. ఇంటిపేరు ఒకటైతే మాత్రం ఎంత దూరంలో ఉన్నా అన్నదమ్ముల బిడ్డలే. ఆ అబ్బాయి తండ్రి కూడా ఇదే మాట కబురు పెట్టాడు. రెండువైపులా పెద్దవాళ్ళు ఇంత చక్కగా ఏకీభవించిన సంబంధం నేను చూడలేదు.

కమల ఏడవలేదు. అన్నం మానలేదు. నా దగ్గరకొచ్చి కూర్చుని, "అన్నయ్యే అయితే అన్నయ్యా అనే పిలుస్తాను నాన్నా. కాని ఎవరైనా వెళ్ళి చూసి చెప్పాలి కదా. విచారణ లేకుండా తీర్పేమిటి?" అంది. లేస్తూ, "నాకోసం అబద్ధం మాత్రం చెప్పకు," అని కూడా అంది. గుమాస్తా కూతురనిపించుకుంది. సెలవు పెట్టాను.

బయల్దేరేటప్పుడు మా అమ్మ నా సంచిలో ఒక పచ్చ రవికగుడ్డ పెట్టింది. "ఎలాగూ సముద్రం కాడికి ఎల్తన్నావు. తూర్పమ్మకి ఒడ్డున పెట్టి దండమెట్టు," అంది. తూర్పమ్మంటే మా ఇంటి దేవత. పెళ్ళి ఏదైనా సరే, ముహూర్తానికి ముందు తూర్పుగోడకు బొట్టు పెట్టి, కింద రవికగుడ్డా గాజులూ పెట్టి, తర్వాత వాటిని ముందుగా వచ్చిన ముత్తయిదువకు ఇస్తాం. మా పెళ్ళికీ అలాగే చేశారు. మా వైపు ఊరికో అమ్మవారుంటుంది గనుక ఈవిడ ఎవరని అడగాలని నాకెప్పుడూ తోచలేదు.

నౌపడలో చిన్న రైలు

నౌపడ చేరేసరికి ఎండ మాడ్చేస్తోంది. పట్టాలకు అటూ ఇటూ ఉప్పుమళ్ళు. తెల్లటి కుప్పలు చూస్తుంటే కళ్ళు చిట్లించుకోవలసి వచ్చింది. మనం వంటింట్లో చిటికెడు చిటికెడు వాడే వస్తువును ఇక్కడ పారలతో ఎత్తిపోస్తున్నారు.

టెక్కలికి చిన్న రైలు ఇక్కడే మారాలి. ఆ పెట్టెలో నిలబడితే నా తల పైకప్పుకు తగులుతుందేమోనని వంగే ఎక్కాను. తగల్లేదు గాని, వంగినవాణ్ణి వంగినట్టే ఒకావిడ ఎండుచేపల గంప పక్కన కూలబడ్డాను. ఆ వాసన బొబ్బిలి దాకా నాతో వచ్చింది. మా ఆవిడ ఇప్పటికీ ఆ సంచిని పెరట్లోనే వేలాడదీస్తుంది.

మా వైపు కొత్తమనిషిని ముందు ఏ ఊరని అడుగుతారు. ఇక్కడ ఆవిడ ముందే అడిగింది: "మీరేటోలు బాబూ?"

ఏటోళ్ళంటే ఇంటిపేరేమిటని. తీపినూతి అన్నాను.

"తీపినూతోలా? ఉద్దానంలో ఉన్నారు ఆలు. మంచోలే. మీరు ఆలకేటవుతారు?"

"అదే తెలుసుకోడానికి వెళ్తున్నానమ్మా."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఇన్నాల్లూ తెలకుండా ఎలగున్నారు?" అంది. నాలుగు చింతపిక్కల రంగు చేపలు ఆకులో చుట్టి, వద్దంటున్నా నా సంచిలో వేసింది. ఆ ఇంటిపేరువాడికి ఇచ్చింది ఊరికే పోదట. పేరుకు అప్పుడే పరపతి మొదలైంది.

టెక్కలి అర్చకులు

టెక్కలిలో కాఫీ ఇరవై పైసలు. బొబ్బిలిలోనూ అంతే గాని అక్కడ గ్లాసు నిండుతుంది. ఆ మాట హోటలాయనతో అంటే, "మాది చిక్కన బాబూ," అన్నాడు. నిజమే, చెంచా నిలబడేంత పంచదార వేశాడు.

ఊళ్ళో తీపినూతి వారున్నారా అని అడిగితే సరాసరి ఒక అర్చకుల ఇంటికి పంపారు. వెళ్తే బ్రాహ్మలు. నేను గుమ్మం దగ్గరే తటపటాయించాను. ఆయన పెద్దాయన, పొడుం అలవాటున్న మనిషి, నా సంగతి విని తెగ ముచ్చటపడి అరుగు మీద చాప వేశారు.

"మీకూ మాకూ ఒకే ఇంటిపేరు ఎలా వచ్చిందని కదూ మీ అనుమానం? పేరు మనదా ఏమిటి, నూతిది. సముద్రపు ఒడ్డున ఇసకలో ఒక నుయ్యి ఉండేదట. చుట్టుపక్కలన్నీ ఉప్పునీళ్ళు, ఆ ఒక్కటే తీపి. ఆ ఊరినుంచి ఎవరు బయటికి వచ్చినా తీపినూతి వారన్నారు. మావాళ్ళు ఆ ఊళ్ళో పూజకు ఉండేవారు. మీవాళ్ళు వ్యవసాయానికి ఉండి ఉంటారు. చాకలివాళ్ళలోనూ ఒక కుటుంబం ఉండేదని మా నాన్నగారు అనేవారు."

నాకు ప్రాణం లేచొచ్చింది. పేరు నూతిదైతే రక్తంతో పనేముంది? నీళ్ళు తాగినవాళ్ళంతా అన్నదమ్ములైపోతారా? అప్పటికప్పుడు కమలకు తంతి ఇవ్వాలనిపించింది.

ఆయన పొడుం పీల్చి, తుమ్మి, నా సంబరం మీద నీళ్ళు చల్లారు. "కులాలు వేరు గనుక మీకూ నాకూ బంధుత్వం లేదని ఇద్దరం ఒప్పుకుంటాం. ఒకే కులం, ఒకే నుయ్యి అయితే మీ పెద్దలు ఊరుకుంటారా? ఆ నూతి దగ్గర మీవాళ్ళ ఇల్లు ఒకటా రెండా అన్నది తేలాలి." న్యాయవాదిగా ఉండవలసిన మనిషి గుళ్ళో ఇరుక్కుపోయారు. వాళ్ళింట్లో పెట్టిన దద్దోజనం మాత్రం మరిచిపోలేను. తూర్పమ్మ గురించి అడిగితే ఆ పేరే వినలేదన్నారు.

కాశీబుగ్గలో నా పెదవి

పలాస స్టేషనులో దిగగానే ముక్కుకు తగిలేది జీడిపిక్కలు కాలే వాసన. రోడ్డు దాటితే కాశీబుగ్గ. రెండూళ్ళకూ రెండు పేర్లెందుకో, ఒకే పొగ రెండూళ్ళ మీదా తిరుగుతుంటుంది. బట్టీల దగ్గర ఆడవాళ్ళు వరసగా కూర్చుని, చేతులకు బూడిద రాసుకుని, చెక్కసుత్తితో ఒక్క దెబ్బ వేస్తే పప్పు చెక్కుచెదరకుండా బయటపడుతుంది. నేను పండగకు పాయసంలో వెతుక్కునే పప్పు ఇక్కడ చేటల్లో గుట్టలు పోసి ఉంది.

అక్కడే నాకు బుద్ధి గడ్డి తింది. ఎవరూ చూడకుండా ఒక పచ్చిపిక్క తీసి, పంటితో కొరికాను. జీడి రసం అంటే ఏమిటో పెదవికి వెంటనే తెలిసింది. మంట, ఆ తర్వాత వాపు. కింది పెదవి బూరెలా పొంగింది. పిక్కలు కొట్టే ఆడవాళ్ళు పని ఆపి మరీ నవ్వారు. ఒకావిడ కొబ్బరినూనె తెచ్చి, "ఏటి బాబూ, మా గుంటలు కూడా కొరకరు," అంటూ రాసింది. గుంటలంటే పిల్లలు.

ఆ బట్టీ యజమాని రాజారావు మా కులంవాడే. తీపినూతి వాడే. వాచిన పెదవితో నేను పేరు చెప్పుకుంటే లేచి కావలించుకున్నాడు. అతను చెప్పిందేమిటంటే, వాళ్ళ తాత బొబ్బిలి వైపు పల్లెనుంచే జీడిపిక్కల వ్యాపారానికి ఇక్కడికి వచ్చాడట. మా తాతా వాళ్ళ తాతా ఒకే పల్లె వాళ్ళని రెండు మాటల్లో తేలిపోయింది.

"మీ ఇంట పెళ్ళికి తూర్పమ్మకు పెడతారా?" అనడిగాను.

"పెట్టకపోతే మా అమ్మ పెల్లే ఆపేస్తాది. ఆ రవిక పెట్టాకే తాళి," అన్నాడు.

"ఉద్దానంలో తీపినూతోళ్ళు?"

"ఆలూ మనోలే బావా... బావంటన్నాను సూడు, అలవాటు. తమ్ముడూ అనాలి. అందరం ఒకటే ఇల్లు. కాకపోతే రాకపోకల్లేవు."

ఇక్కడివాళ్ళు ఎవరిని పడితే వాళ్ళను బావా, మావా అంటారు. టీ కొట్టు దగ్గర అంటారు, బండివాడు అంటాడు. ఇంటిపేరు తెలిసిన మరుక్షణం మాత్రం ఆ పిలుపు నాలుక మీదే ఆగిపోతుంది. ఆ ఆగడం చూసి నా గుండె జారింది. అంతదాకా నేను కేవలం తెలుసుకోవడానికి వచ్చాననే అనుకుంటున్నాను. కాదు, కమల గెలవాలనే వచ్చాను. ఆ సంగతి కాశీబుగ్గ బజార్లో తెలిసింది.

మర్నాడు బస్సు కోసం నిలబడితే ఒక కానిస్టేబులు వచ్చాడు. కొండల వైపు గొడవలు జరుగుతున్న రోజులు, కొత్త మొహం కనబడితే అడక్క మానరు. ఏం పనిమీద వచ్చావన్నాడు. ఇంటిపేరు వెతుక్కోవడానికి అన్నాను. నన్నూ, నా పెదవినీ, చేపల వాసన వేసే సంచినీ చూసి, ఇలాంటివాడివల్ల ప్రభుత్వానికి భయం లేదనుకున్నాడు కాబోలు, బస్సులో సీటు కూడా ఇప్పించాడు.

ఉద్దానం

బస్సు ఆగినచోట రోడ్డు ఆగింది. అక్కడినుంచి ఇసకలో ఎడ్లబండి. ఉద్దానం అంటే ఏమిటో మా ఊళ్ళో ఎండకు చెప్పినా నమ్మదు. పైన కొబ్బరి, దాని కింద పనస, మామిడి, ఆ కింద జీడిమామిడి. నేలమీద పడే ఎండ చిల్లర డబ్బుల్లా అక్కడక్కడ రాలింది. తోటల చుట్టూ మొగలిపొదలే కంచె. కొబ్బరిబొండం పది పైసలకు కొట్టి ఇచ్చారు. రెండోది డబ్బు తీసుకోలేదు. ఇంటిపేరు అడిగారు, అంతే.

కూర్మారావు ఊళ్ళో లేడు. దూరంగా ఏదో బడిలో ఉద్యోగంలో చేరాడు. వాళ్ళ నాన్న బండి దగ్గరకే వచ్చాడు. ఆయన పేరు దుర్యోధన. అటువైపు ఒడియా వాసన గనుక ఆ పేరు మామూలేనట. నాకంటే కాస్త పెద్ద. పేరుకు తగ్గట్టు గదా మీసమూ ఉంటాయనుకుని వెళ్ళాను. సన్నటి మనిషి, నా సంచి నా చేతిలోంచి లాక్కుని తన భుజాన వేసుకున్నాడు.

"తమ్ముడా, పెదివికేటైంది?" అన్నది ఆయన మొదటి మాట.

జీడిపిక్క సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు. ఇంట్లోకి తీసుకెళ్ళి నా అన్నంలో కారం లేకుండా చూడమని చెప్పాడు. పనసకూర వడ్డించారు, పనసపిక్కలు వేసిన పప్పు వడ్డించారు. చేపల పులుసు మాత్రం వాసన చూపించి తీసుకెళ్ళిపోయారు. ఆ పులుసు మీద నాకింకా ఆశ ఉంది.

భోజనమయ్యాక ఆయన తనంతట తనే ఎత్తుకున్నాడు. "నువ్వెందుకొచ్చినావో నాకు తెల్సు తమ్ముడా. ఆ పిల్ల మంచిదని మావోడు సెప్పినాడు. నాకు మాత్రం సేసుకోవాలని ఉండదేటి? మా తాత తమ్ముల్లు కొందరు పడమటేపు ఎల్లిపోనారు. మీరు ఆల పిల్లలే అయుంటారు. నీ కూతురు నాకూ కూతురే గదా. కూతుర్ని కోడలిగా ఎలగ తెచ్చుకుంతాను?"

కోపంతో అన్నవాళ్ళతో వాదించవచ్చు. ఇంత ప్రేమగా కాదన్నవాడితో ఏం వాదిస్తాం? "అన్నా" అని మాత్రం అన్నాను. కమలకు చెప్పవలసిన మాట లోపల్లోపల కూర్చుకోవడం కూడా మొదలుపెట్టాను. తేలికగా కుదిరే మాట కాదది.

సాయంత్రం నుయ్యి చూపించాడు. నా ఇంటిపేరు కళ్ళెదుట ఉంది. చుట్టూ ఎర్రరాతి గట్టు, తాళ్ళ ఒరిపిడికి గాడులు పడిన అంచు. పక్కన ఇసకదిబ్బ ఎక్కితే సముద్రమే. తోడి ఇస్తే దోసిలితో తాగాను. అమృతం అనుకుని తాగానేమో, మా పెరటి నూతి నీళ్ళలాగే ఉన్నాయి. మా పెరటి పక్కన సముద్రం లేదని గుర్తొచ్చి ఇంకో దోసిలి తాగాను.

కూర్చోకూడని పీట

మర్నాడు ఉదయం దుర్యోధన తమ్ముడి కూతురి పెళ్ళి. నేను వెళ్ళిపోతానంటే వినలేదు. "ఇంటోడివి, పెల్లి వదిలీసి ఎలగ ఎల్తావు?" అన్నారందరూ. ఇంటివాణ్ణి గనుకనే వచ్చిన పని చెడిందని పైకి అనలేదు.

పందిరి నిండా కొబ్బరాకులు, మొగలిపూలు. మా వైపు మామిడాకులతో సరిపెడతాం. పెళ్ళికూతుర్ని మేనమామ బుట్టలో తెచ్చి దించాడు. ఇది మాకూ ఉంది. మేనమామ తన పీట మీద కూర్చున్నాడు. నిలబడి నిలబడి నా కాళ్ళు లాగుతున్నాయి. మేనమామ పక్కనే ఇంకో పీట ఖాళీగా కనబడింది. దానికి పసుపు రాసి ఉంది, మీద కొత్త పంచె మడతపెట్టి, కొబ్బరికాయ ఉంచి ఉంది. ఎవరో పెట్టి మరిచిపోయారనుకుని, పంచే కాయా పక్కకు జరిపి కూర్చున్నాను.

వాయిద్యాలు ఆగిపోయాయి. అక్షరాలా ఆగాయి. సన్నాయి ఊదేవాడు బుగ్గలు పొంగించుకుని నన్నే చూస్తున్నాడు.

"లెగు నాయినా, లెగు. అక్కడ కూకోకూడదు," అంటూ ఒక ముసలావిడ వచ్చి రెక్క పట్టుకుంది. దుర్యోధనకు మేనత్త, నీలమ్మ. ఈ ఇంట పుట్టి, ఆ ఊళ్ళోనే మెట్టిన మనిషి. నలుగురిలో అలా లేపితే నాకు తల కొట్టేసినట్టయింది. తీసుకెళ్ళి అరుగు మీద కూర్చోబెట్టి, తానూ పక్కన కూర్చుంది.

"అది పడమటి మావ పీట నాయినా. మా ఇంట ఏ ఆడపిల్ల పెల్లికైనా ఏత్తాం. ఎవులూ కూకోరు."

"పడమటి మావంటే?"

"మా నానమ్మ సెప్పీది. ఈ నుయ్యి తవ్వినోడికి ఒక కొడుకు, ఒక కూతురు. కొడుక్కి పడమటి పిల్లని సేసినారు. ఆ పిల్లకి ఈ గాలి, ఈ హోరు పడనేదు. పెల్లాన్నట్టుకుని పసువుల్ని తోలుకుని పడమటికి ఎల్లిపోనాడు. మరి నుయ్యి ఎవులు సూత్తారు? కూతురికి ఇల్లరికం తెచ్చినారు. పుట్టిన పిల్లలకి నూతి పేరే ఉండాలని మాటట. ఆ పిల్లలమే మేం. ఎల్లినప్పుడు ఆ అన్న సెల్లికి మాటిచ్చినాడు, నీ కూతురు పెల్లికి మేనమామనై వచ్చి బుట్టెత్తుతానని. పీటేసి సూసినారు. ముహూర్తం దాటిపోతాదని బ్రామ్మడు గోల. ఆయన రానేదు. ఎందుకు రానేదో తెల్దు. పోయినాడో, ఏటైనాడో. ఆ సెల్లెలు పీట తియ్యనివ్వనేదట. అప్పట్నుంచీ ఏత్తనే ఉన్నాం."

సంచిలో చెయ్యి పెట్టాను. చేపల వాసన పట్టిన పచ్చ రవికగుడ్డ చేతికి తగిలింది.

"అమ్మా, మీ ఇంట పెళ్ళికి తూర్పమ్మకు రవిక పెడతారా?" అన్నాను.

"తూర్పమ్మెవులు?"

"మా దేవత. తూర్పుగోడకు బొట్టు పెడతాం. రవికా గాజులూ పెడతాం. అవి పెట్టాకే..." అంటూ ఆగిపోయాను. దేవతకు కోడిని పెడతారు, కొబ్బరికాయ కొడతారు. రవికా గాజులూ పెట్టేది ఎవరికి? ఇంటి ఆడపడుచుకి. పెళ్ళికి రాలేని ఆడపడుచుకి. ఆవిడ ఉన్న దిక్కుకి. మాటిచ్చి వెళ్ళలేనివాడు తన ఇంట్లో జరిగిన ప్రతి పెళ్ళికీ చెల్లెలి వంతు తీసి పెట్టించి ఉంటాడు. చెప్పేవాళ్ళు పోయాక, మేం ఆవిణ్ణి దేవతను చేసుకున్నాం.

నీలమ్మ నాకంటే ముందే గ్రహించింది. దుర్యోధనను కేకేసి, ఉన్నదున్నట్టు చెప్పమంది. చెప్పాను. ఆయన తొందరపడే మనిషి కాదు.

"తాత తమ్ముల పిల్లలు కారేటి?" అన్నాడు.

"ఆల పిల్లలైతే మనలాగే ఈ పీటెయ్యాలి గదరా. మీ ఇంట పీట ఏత్తారా నాయినా?" అని నావైపు తిరిగింది నీలమ్మ.

మేం వెయ్యం అన్నాను. ఆ పీట మాటే ఈరోజు విన్నానన్నాను. కోర్టులో ఎన్నో సాక్ష్యాలు విన్నవాణ్ణి. కూడబలుక్కున్న సాక్షులు ఒకే మాట చెబుతారు. ఇక్కడ ఒక ఇల్లు అన్నను తలుచుకుంటోంది, ఇంకో ఇల్లు చెల్లెల్ని తలుచుకుంటోంది. ఒకరి సగం ఒకరికి తెలియదు. ఇంతకంటే గట్టి సాక్ష్యం నేను వినలేదు. ఇంటిపేరు ఒకటే, నుయ్యి ఒకటే. కాని వాళ్ళు అన్నదమ్ముల బిడ్డలు కారు. మేం అన్న బిడ్డలం, వాళ్ళు చెల్లెలి బిడ్డలు. మా వాళ్ళలో అంతకంటే కోరుకునే వరస ఇంకొకటి లేదు.

రవికగుడ్డ తీసి, "ఇది తూర్పమ్మది. సముద్రం ఒడ్డున పెట్టమంది మా అమ్మ," అన్నాను.

"ఒడ్డునెందుకు నాయినా? నా సేతిలో ఎట్టు," అంది నీలమ్మ.

ఆవిడ చేతిలో పెట్టాను. కళ్ళకద్దుకుంది. ఆ తూర్పమ్మ అసలు పేరేమిటని అడిగాను. ఎవరికీ తెలియదన్నారు. నూతి పేరు నిలిచింది, నుయ్యి తవ్వినవాడి పేరు నిలవకపోయినా బాధలేదు, ఆ పేరును కడుపున మోసి నిలిపిన ఆడమనిషిని పిలవడానికి మాత్రం ఒక్క అక్షరం మిగల్లేదు. అక్కడే కూర్చుని ఏడ్చాను. వాచిన పెదవితో ఏడిస్తే ఎలా ఉంటుందో చూసినవాళ్ళకే తెలుసు, ఒక్కరూ నవ్వలేదు.

దుర్యోధన లేచాడు. నా చెయ్యి పట్టుకుని పందిట్లోకి తీసుకెళ్ళాడు. ఇందాక లేపిన పీట దగ్గరే ఆగాడు.

"కూకో బావా," అన్నాడు.

టీ కొట్ల దగ్గర, బండ్ల మీద ఎన్నోసార్లు విన్న పిలుపే. ఈసారి అది నాలుక మీద ఆగలేదు. కూర్చున్నాను. పంచె నా భుజాన వేశారు, కొబ్బరికాయ ఒళ్ళో పెట్టారు. సన్నాయివాడు నిలవబెట్టుకున్న ఊపిరంతా ఒక్కసారి వదిలాడు.

ఇల్లు

బొబ్బిలిలో జట్కా దిగేసరికి కమల వీధిగుమ్మంలోనే ఉంది. ఎన్ని రైళ్ళకు అలా నిలబడిందో నేను అడగలేదు. ముందు నా మొహం చూసింది. పెదవి తగ్గింది గనుక అందులో ఏమీ దొరకలేదు. తర్వాత నా భుజం చూసింది.

"ఈ పంచె ఎవరు పెట్టారు నాన్నా?"

"మీ అత్తవారు," అన్నాను.

సంచి అందుకుంది. తర్వాత గుమ్మానికి ఆనుకుని కిందకి కూర్చుండిపోయింది. వెళ్ళేముందు ఏడవని పిల్ల అప్పుడు ఏడ్చింది.

లోపలినుంచి మా అమ్మ, "తూర్పమ్మకి రవిక పెట్టావేట్రా?" అంది.

"పెట్టానమ్మా. చేత్తో పుచ్చుకుంది."

నాకు వడదెబ్బ తగిలిందనుకుని అమ్మ మజ్జిగ పట్టుకుని వచ్చింది. పీట సంగతి మొదలుపెట్టి అంతా చెప్పాను. అయ్యాక అమ్మ తూర్పుగోడ వైపు తిరిగి చూసింది. పాత పెళ్ళిళ్ళ బొట్లు సున్నం కిందనుంచి ఎర్రగా లీలగా కనబడుతున్నాయి.

"కమల పెల్లికి గోడకి బొట్టెట్టక్కర్నేదు," అంది. "ఆలే వత్తారు గదా."